రెండు పిక్సెళ్ళు పక్కకి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికీ గిట్టని మాట ఒకటుంది. ‘బాగుంది.’

కూర ఎలా ఉందండీ అని అమ్మ అడిగితే, బాగుంది. కొత్త కర్టెన్లు? బాగున్నాయి. ఎదురింటివాళ్ళు గోడలకి వేయించిన రంగు, దాని వంక చూస్తే పళ్ళు పులిసిపోయేంత పసుపు, అదీ బాగుంది. నేను జుట్టు కత్తిరించుకుని వస్తే నాన్న ఒకసారి తలెత్తి చూసి, బాగుందమ్మా, అని మళ్ళీ కిటికీలోంచి రోడ్డు చూడటంలో పడిపోయాడు. నా జుట్టు ఒకవైపు చెవి కిందికీ ఇంకోవైపు చెవి పైకీ ఉంది. కత్తిరించినావిడే సిగ్గుపడి మళ్ళీ రమ్మంది.

ఇంకెవరి నాన్నయినా అయితే ఎంత మంచి మనిషండీ అనేవాళ్ళు. కానీ మా నాన్న పత్రికాఫీసులో పేజీలు దిద్దిన మనిషి. ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలి, ఏ శీర్షిక ఎంత లావుండాలి, వరసకీ వరసకీ మధ్య ఎంత ఖాళీ వదలాలి, అచ్చుకి వెళ్ళేముందు అన్నీ ఆయన కళ్ళ కింద నుంచే వెళ్ళాలి. ఆఫీసులో ఆయన్ని ఎర్రపెన్ను అనేవాళ్ళు, వెనకాల అనేవాళ్ళు, ముందర కూడా అనేవాళ్ళేమో, ఆయన పట్టించుకునే రకం కాదు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళకి వాళ్ళ శుభలేఖ మీదే తప్పులు దిద్ది తిరిగి చేతిలో పెట్టిన ఘనుడు. ఆయన నోటి నుంచి ఎవరికైనా దక్కే అతి పెద్ద మెచ్చుకోలు ‘సరే, పంపండి.’ అంతే. అచ్చుకి పంపచ్చు అని. ఆ మాట కోసం తలపండినవాళ్ళు కూడా ఆయన బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళట.

అలాంటి మనిషిని పట్టుకుని కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన, అందరూ కూర్చున్న మీటింగులో, "మీరు పట్టుకునే తప్పులు చదివేవాళ్ళెవరికీ కనబడవు సార్, వదిలేయండి," అన్నాడు. నాన్న వదిలేశాడు. తప్పుల్నీ, ఉద్యోగాన్నీ కలిపి. ఎండలు ముదిరే వేళకి ఇంట్లో కూర్చుని లోకంలో ఉన్నవన్నీ బాగున్నాయనడం మొదలుపెట్టాడు.

ఇక నా సంగతి. ఆ సెలవుల్లో నేను ఒక డెస్క్‌టాప్ థీమ్ చేస్తున్నాను. థీమ్ అంటే వాల్‌పేపర్ మార్చుకోవడం అనుకునేవాళ్ళకి నిలబెట్టి క్లాసు పీకుతాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా. తెర మీద తెరుచుకునే కిటికీల అంచులు, బటన్లు, ఫోల్డర్ బొమ్మలు, మెనూ తెరుచుకునే తీరు, గడియారం అంకెలు, ఆఖరికి మౌస్ బాణం, అన్నీ మనమే గీసుకోవాలి. కంప్యూటర్‌కి కొలతలు తీసి కొత్త బట్టలు కుట్టడం అన్నమాట. నా థీమ్ పేరు మబ్బు. వాన పడేముందు ఆకాశం ఉంటుందే, ఆ బూడిదనీలం, దాని మీద సన్నటి తెల్ల గీతలతో ఐకాన్లు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే నేను లోపల ఫ్యాన్ కింద కూర్చుని మబ్బులు కమ్మిస్తున్నాను.

మా కంప్యూటర్‌లో ఉన్న సిస్టం వాడేవాళ్ళంతా చేరే ఆన్‌లైన్ ఫోరం ఒకటుంది, నేను తిరిగేది అక్కడే, అందులో ఏటా వేసవిలో థీమ్‌ల పోటీ పెడతారు. గెలిచినదాన్ని ఆ సిస్టం కొత్త వెర్షన్‌తో పాటే అందరికీ పంపిస్తారు. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఎవరో కంప్యూటర్ ఆన్ చేస్తారు, తెర మీద నా మబ్బు. తలుచుకుంటేనే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఆ ఫోరంలో రెండు నియమాలున్నాయి. ముగ్గురి పని చూసి తప్పులు చెప్పాకే నీ పని పెట్టాలి. రెండోది, ఊరికే ‘బాగుంది’ అని కామెంట్ రాస్తే తీసేస్తారు. తీసేసే మనిషి పేరు గుడ్లగూబ, అసలు పేరు ఎవరికీ తెలియదు. ‘ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పలేకపోతే నువ్వు చూడలేదన్నమాట’ అని కింద రాసి మరీ తీసేస్తుంది. తప్పులు చెప్పడంలో నాకు అక్కడ కొంచెం పేరుంది. నాన్న రక్తం ఎక్కడికి పోతుంది.

అందుకే మబ్బు ఒక రూపానికి రాగానే, ఫోరంలో పెట్టకముందే, మా ఇంటి పాత కంప్యూటర్‌కి దాన్ని తొడిగి నాన్నని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.

"చూసి చెప్పు నాన్నా."

చూశాడు. మౌస్ అటూ ఇటూ కదిపాడు. తన ఫోల్డర్ ఒకటి తెరిచాడు, మూశాడు.

"బాగుంది."

"ఏది బాగుంది?"

"అంతా."

"అంతా అంటే? రంగా, గీతలా, అక్షరాలా?"

"అన్నీ బాగున్నాయమ్మా. కష్టపడ్డావు."

కష్టపడ్డావు. ఫోరంలో ఎవరైనా ఆ మాట అన్నారంటే ఆ థీమ్‌కి నీళ్ళొదులుకోవచ్చు.

"ఇదే మీ ఆఫీసులో ఎవరైనా పట్టుకొస్తే ఏమనేవాడివి?"

"ఆఫీసు లేదుగా," అని లేచాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "తీసెయ్యకు. ఉండనీ. చల్లగా ఉంది," అన్నాడు.

ఆ వారంలోనే ఒక పబ్లిషరు మేడం వచ్చింది. పిల్లల పుస్తకాలు వేస్తుందట. నాన్న పేరు విని ఇల్లు వెతుక్కుంటూ, ఎండలో పడి, మొహమంతా ఎర్రగా చేసుకుని వచ్చింది. చల్లటి నీళ్ళు గడగడా తాగేసి కాగితాల కట్ట ఒకటి బల్ల మీద పెట్టింది.

"అచ్చుకి వెళ్ళేముందు ఆఖరి చూపు మీది కావాలండీ. ముందు ఈ పుస్తకం పేజీలు చూసి పెట్టండి. మీరు ఎన్ని తిట్టినా పడతాం. తిట్టకపోతేనే భయం మాకు."

నాన్న నవ్వి తలూపాడు. అమ్మా నేనూ వంటింట్లో ఒకరి చెయ్యి ఒకరం నొక్కుకున్నాం. అమ్మ బడిలో లెక్కల టీచరు, ఊరికే ఆశ పెట్టుకునే మనిషి కాదు, అయినా ఆ రోజు కూనిరాగం తీసింది.

నాన్న కట్ట తిరిగి పంపేశాక ఒక సాయంత్రం అమ్మ నన్ను మేడ మీదికి రమ్మంది. ఆరిన బట్టలు తీస్తూ, ఒక్కో క్లిప్పూ నా చేతిలో పడేస్తూ చెప్పింది.

"ఆవిడ ఫోన్ చేసిందే. ఒక్క గీత లేదట. కట్ట మొత్తం మీద ఒక్క ఎర్ర గీత లేదట."

"తప్పుల్లేవేమో."

"ఏనుగు తలకిందులుగా ఉందట. పుస్తకంలో ఏనుగు బొమ్మ. కాళ్ళు ఆకాశం వైపు. ఆవిడ డ్రైవరు కూడా చూసి నవ్వాడట. మీ నాన్న దాని పక్కన బాగుంది అని రాసి సంతకం పెట్టారు."

నాకు నవ్వొచ్చింది. అమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"కనబడలేదంటావా? లేక కనబడినా అనలేదా?"

"అదే తెలియట్లేదు నాకు." అమ్మ దిండుగలీబు దులిపింది, అవసరం కన్నా గట్టిగా. "అదే పుస్తకం సరిచేసి ఇంకో కట్ట పంపిస్తానంది. అదీ ఇలాగే తిరిగొస్తే వేరేవాళ్ళని చూసుకుంటానంది పాపం, ఆవిడే సారీ కూడా చెప్పింది. పని దొరక్కపోతే పోనీలే, నా జీతంతో గడుస్తుంది. కానీ ఈ మనిషితో ఎలా గడపాలే? నేను చేసుకున్నది ఈయన్ని కాదు."

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర నేను కుర్చీ మీద గట్టిగా తట్టాను.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఒక మాట నిషేధం."

"ఏ మాట?" అన్నాడు నాన్న.

"నువ్వు అనబోయే మాట."

అమ్మ ప్లేటు పెట్టి అక్కడే నిలబడింది. నాన్న ఒక ముద్ద నమిలాడు. ఇద్దరివంకా చూశాడు. జాగ్రత్తగా, నీళ్ళలో అడుగు పెట్టినట్టు, "పరవాలేదు," అన్నాడు.

"అది కూడా నిషేధం."

"సరిపోయింది."

"అదీ చెల్లదు."

"పోనీ మార్కులు వేయండి," అంది అమ్మ. "పదికి ఎన్ని?"

"పది."

అమ్మ గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. "పదికి పది వేసేది పేపరు తెరవనివాళ్ళే," అని వంటింట్లోంచి వినబడింది.

నాన్న నా వైపు వంగి గుసగుసగా, "మీ అమ్మకి ఏం కావాలి?" అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడు.

అలా లాభం లేదని నేను ఎర వేశాను. ఎర అంటే, మబ్బుని పాడుచేశాను. నా థీమ్‌ని నేనే, నా చేతులతో. ఐకాన్ల వరసలో నాలుగోదాన్ని రెండు పిక్సెళ్ళు పక్కకి జరిపాను. పిక్సెల్ అంటే తెర మీద చుక్క, కంటికి ఆనీ ఆననట్టుంటుంది. గడియారాన్ని కాస్త కిందికి దింపాను. కిటికీ మూసే బటన్ రంగు మిగతావాటి కన్నా ఒక్క పిసరు మార్చాను. మొరటు తప్పులు కాదు, ఎర్రపెన్ను తప్పులు, ఆయన పాత రోజుల్లో అయితే నిద్రలో కూడా పట్టుకునేవి. నాన్నకి అనుమానం రాకుండా ఆ ఫోల్డర్‌కి ‘మబ్బు ఫైనల్ అసలు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టాను. ఎంత తెలివి.

కూర్చోబెట్టాను. చూశాడు. మౌస్ బాణం ఆ నాలుగో ఐకాన్ దగ్గరికి వెళ్ళి కాసేపు ఆగింది. ఆగిందా, నాకలా అనిపించిందా, ఇప్పటికీ చెప్పలేను.

"బా..." అని నాన్న నిషేధం గుర్తొచ్చి ఆగాడు. "ముందులాగే ఉంది."

రెండో కట్ట వచ్చింది. బల్ల మీద, దారం కూడా విప్పకుండా, అలాగే ఉంది. అమ్మ దాని చుట్టూ తుడిచేది, దాన్ని కదిపేది కాదు. ఇంట్లో అందరం దాన్ని చూడనట్టు తిరిగేవాళ్ళం. దాని మీద రోజూ ఎండ పడి కాగితం అంచులు లేత పసుపు రంగుకి తిరుగుతున్నాయి.

ఈలోగా పోటీ తలుపులు తెరిచారు. నేను అప్పటికే ముగ్గురికి తప్పులు చెప్పేసి నా వంతు కోసం కాచుకుని కూర్చున్నాను. పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా, థీమ్ అప్‌లోడ్ చేసేసి, రెండు చేతులూ పైకెత్తి ఇల్లంతా ఒక రౌండ్ కొట్టి, అమ్మతో బజారుకి వెళ్ళిపోయాను. సాయంత్రం దాకా చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే చూశాను.

నా అరుపుకి నాన్న గదిలోంచి వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"అందరూ నన్ను ఉతికి ఆరేస్తున్నారు నాన్నా."

"ఏమని?"

ఫోరంలో అందరూ ఇంగ్లీషులోనే రాస్తారు, నేను అప్పుడు నాన్నకి చదివి వినిపించినట్టే ఇక్కడా చెబుతాను. "ఇదిగో, ముళ్ళపంది అని ఒకడు. ‘నాలుగో ఐకాన్ పక్కకి జరిగింది, రెండు పిక్సెళ్ళు. ఇంత ఓపిగ్గా గీసినావిడ వరస ఎలా తప్పింది?’ అట. నాలుగో ఐకానేంటి, నాది ఎందుకు..."

అప్పుడు వెలిగింది. మబ్బు ఫైనల్ అసలు. పేరు చూసి అదే అసలుదనుకుని ఎక్కించేశాను. నాన్న కోసం తవ్విన గోతిలో తల కిందికి, కాళ్ళు పైకి, అచ్చం ఆ ఏనుగులాగా.

కుర్చీలో జారగిలబడి కళ్ళు మూసుకున్నాను. నాన్న ఇంకో కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"ఒక్కడే అన్నాడా?"

"ఏమో."

"చూడు."

కిందికి జరిపాను. "ఈవిడ కూడా అంది. ‘నాలుగోది కదిలింది, నా కళ్ళు అక్కడే చిక్కుకుపోతున్నాయి.’ ఇతనూ అన్నాడు. ఇంకొకావిడయితే గీత గీసి మరీ చూపించింది, ఎర్ర గీత."

నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. తెర దగ్గరికి వంగాడు.

"వీళ్ళంతా పత్రికల్లో చేసేవాళ్ళా?"

"కాదు నాన్నా. ఈ ముళ్ళపంది పళ్ళ డాక్టరు. ఈవిడ ఏదో బళ్ళో వంట చేస్తుంది. గీత గీసినావిడ లారీ నడుపుతుంది, దారిలో ఆగినప్పుడు చూస్తానంటుంది."

"మరి వీళ్ళకెలా కనబడింది?"

"కళ్ళున్నాయిగా. రెండు పిక్సెళ్ళు కనబడకేం?"

"కనబడుతుందా?" అన్నాడు నాన్న.

నన్ను కాదు అడిగింది. తెరని అడిగాడు. ఆ లారీ ఆవిడ గీసిన ఎర్ర గీత మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లిగా తీసుకెళ్ళాడు. ఫ్యాన్ తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు.

"నాకు ఆ రోజే కనబడింది," అన్నాడు. "గడియారం కూడా దిగింది. ఆ మూసే బటన్ రంగు మారింది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి కనబడుతుందిలే అనుకున్నా."

ఏమన్నా అంటే చెడిపోతుందనిపించింది. ఆయనే మౌస్ అందుకుని కామెంట్లు ఒక్కొక్కటీ కిందికి జరుపుతూ పోయాడు, పెదాలు కదులుతున్నాయి. ఆఖరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఇంతేనా?"

"ఇంతేనా ఏంటి? పేజీ నిండా తిట్లున్నాయి."

"అసలు తప్పు ఒక్కళ్ళూ చెప్పలేదే."

"అసలు తప్పేంటి?"

"జరుగు," అన్నాడు నాన్న.

ఆ ‘జరుగు’ నేను చాలా రోజులుగా వినలేదు. లేచి కుర్చీ ఇచ్చేశాను. ఆయన తన ఫోల్డర్లన్నీ తెర మీద పరిచి ఒకదాన్ని చూపించాడు.

"ఇది చదువు."

"అచ్చయినవి."

"నీకు తెలిసింది కాదు. అక్కడ ఉన్నది చదువు."

దగ్గరికి వంగాను. "అచ... అచయినవి."

"దీని కిందది?"

"కరెంటు బి... బిలులు."

"ఇది?"

"ఉతరాలు."

పేర్లు ఉండే పెట్టె ఎత్తు నేను నా ఫోల్డర్లు చూసుకుంటూ కొలిచాను, నావన్నీ ఇంగ్లీషు పేర్లే. నాన్నవి తెలుగు పేర్లు. ప్రతి ఒత్తూ కత్తెరతో కత్తిరించినట్టు సగానికి తెగి ఉంది. ఫోరంలో ఎవరికీ మన అక్షరాలు రావు కాబట్టి ఎవరికీ తెలియదు. నాకు వచ్చి కూడా తెలియలేదు.

"వాళ్ళ అక్షరాలకి కొలత తీసి మన అక్షరాలకి తొడిగావు," అన్నాడు నాన్న. "మన అక్షరానికి కింద కాళ్ళుంటాయి, పైన తలపాగా ఉంటుంది. నువ్వు వరసపెట్టి అందరి కాళ్ళూ నరికేశావు."

"అది... వరసలు పొందిగ్గా ఉండాలని అలా డిజైన్ చేశాను నాన్నా, ఎత్తు పెంచితే కింద ఐకాన్లన్నీ..."

"వివరణ మొదలుపెట్టావంటే తప్పు ఒప్పుకున్నట్టే."

చెవులు వేడెక్కాయి. నేను ఫోరంలో ఎంతమందికి తప్పులు చెప్పానో, ఎంత చమత్కారంగా చెప్పానో, నా మాటలు చదివి వాళ్ళ చెవులు ఎలా ఉండేవో ఎప్పుడూ ఆలోచించలేదు. తప్పులు చెప్పమని నాన్న వెంట ఎన్ని రోజులు పడ్డాను, తీరా చెబుతుంటే కుర్చీ లాగేసుకోవాలనిపించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను, ఆఫీసులో ఆయన బల్ల దగ్గర నిలబడేవాళ్ళలాగా.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"నువ్వు పెట్టిన మొదటి రోజు నుంచీ. నేను బిలులు బిలులు అనుకుంటూనే తెరుస్తున్నా. మొన్న మీ అమ్మని కరెంటు బిలు వచ్చిందా అని అడిగాను, నాకు నోరు తిరగట్లేదనుకుని కంగారుపడింది." ఆయన ఆగలేదు. "ఈ బూడిద రంగు మీద ఆ బూడిద రంగు అక్షరాలేంటి? పొగమంచులో పిల్లిని వెతికినట్టుంది. మబ్బు అన్నావు, మబ్బుకి అంచున వెలుగుంటుంది, చూడలేదా ఎప్పుడూ? చెత్తబుట్ట బొమ్మ చూడు, పూలకుండీలా ఉంది, ఎవరైనా నీళ్ళు పోస్తారు. ఈ గడియారం అంకెలు ఎవరివి, ఒకటికీ ఏడుకీ తేడా లేదు, ఒంటిగంటకి భోజనం పెట్టమంటే మీ అమ్మ ఏడింటికి పెడుతుంది. ఇది ఎవరు చూసి పంపమన్నారు?"

"నువ్వే. బాగుందన్నావుగా."

"నేనంటే మాత్రం? బుద్ధుండక్కర్లా?"

అప్పుడు చూశాను, అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. చేతిలో గరిటె, దాన్నుంచి పులుసు బొట్టుబొట్టుగా నేల మీద పడుతోంది, ఆవిడకి తెలియట్లేదు. నేను సైగ చేయబోతే వేలితో వద్దంది. ఊపిరి బిగబట్టి వింటోంది, రేడియోలో ఫలితాలు చదువుతుంటే నంబరు కోసం వినే పిల్లలాగా.

నాన్న కుర్చీ వెనక్కి తోసి లేచాడు. బల్ల దగ్గరికి వెళ్ళి కట్ట చేతిలోకి తీసుకుని దారం విప్పాడు. మొదటి పేజీ చూశాడు, ముక్కుతో ఒక శబ్దం చేశాడు.

"పెన్నుందా?"

"ఎర్రదేనా?" అంది అమ్మ.

"మరి పచ్చదా?"

అమ్మ పరిగెత్తింది. మా అమ్మ బస్సు వెళ్ళిపోతున్నా నడిచే మనిషి. బడి సంచీ మొత్తం మంచం మీద బోర్లించి ఎర్రపెన్నులన్నీ గుప్పిట్లో పట్టుకొచ్చింది, ఒకటి ఎండిపోతే ఇంకొకటి ఉంటుందని.

పబ్లిషరు మేడం ఫోన్ వచ్చినప్పుడు అమ్మ స్పీకరు పెట్టింది, నేనూ విన్నాను.

"మా ఆర్టిస్టు అలిగి ఇంటికెళ్ళిపోయాడండీ," అందావిడ. "ఏనుగుని నిలబెట్టాం, సరే. పక్కన చీమ ఉంటే అది ఏనుగు వైపు చూడాలి కానీ పిల్లల వైపు చూడకూడదంటారు మీవారు. అట్ట రంగు మార్చమంటారు. పుస్తకం పేరే మార్చమంటారు. నేను రాసుకున్న ముందుమాట సగం కొట్టేశారు."

"అయ్యో," అంది అమ్మ, పెదవి కొరుక్కుంటూ.

"కొట్టేశాకే చదవబుద్ధేస్తోంది. వచ్చే సోమవారం నుంచి రమ్మనండి. వచ్చేటప్పుడు మా ఆర్టిస్టుతో కొంచెం మెల్లిగా మాట్లాడమనండి."

"అది మాత్రం మా చేతుల్లో లేదండీ," అంది అమ్మ.

ఆ పూట భోజనాల దగ్గర అమ్మ వడ్డించి కూర్చోకుండా నిలబడింది. అడగలేదు. నాన్న ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పెక్కువైంది."

అమ్మ మొహం దీపం పెట్టినట్టయింది.

"పోపు మాడింది. ముక్కలు ఒకటి ఇంత, ఒకటి అంత. లెక్కల టీచరువి, కొలత తెలియదా?"

మూడోదానికి దీపం కొండెక్కింది. "ఆ ఫోరంలో ఏదో నియమం ఉందన్నావు కదే?" అంది నాతో. "ముందు ఈయన్ని మూడు కూరలు వండమను. తర్వాత నా కూరకి వంకలు పెడుదురుగాని." అయినా ఆయన ప్లేటులో ఇంకో గరిటె వేసింది. ఆయన అదీ తిన్నాడు, ముక్కలు తిడుతూనే.

పోటీ ముగిసేదాకా ఎన్నిసార్లయినా థీమ్ మార్చుకోవచ్చు. నేను మబ్బుని విప్పి మళ్ళీ కుట్టాను. పేర్ల పెట్టెలకి ఎత్తు పెంచాను, పైన తలపాగాకీ కింద కాళ్ళకీ చోటిచ్చాను. వరసలన్నీ చెదిరిపోయాయి, అన్నీ మొదటి నుంచి పేర్చుకొచ్చాను. అక్షరాలు తెల్లబడ్డాయి. అంచుల్లో సన్నటి వెలుగు పెట్టాను. తెగిన ఒత్తుల ఫోటో ఒకటి, అతికినవాటిది ఒకటి ఫోరంలో పెట్టి, ఈ తప్పు మా నాన్న పట్టుకున్నాడని రాశాను. గుడ్లగూబ వచ్చి, ‘ఇది మాలో ఎవరికీ కనబడలేదు. మీ నాన్న ఇక్కడికి ఎప్పుడొస్తున్నారు?’ అని అడిగింది. ఎక్కడి మనిషో ఒకతను, ‘మా అక్షరాలకీ కింద తోకలుంటాయి, ఎప్పుడూ తెగిపోతూనే ఉంటాయి, మాకు అలవాటైపోయింది’ అని రాశాడు. అతని దగ్గర మాటలు కొన్ని తీసుకుని వాటి తోకలు కూడా పట్టేలా ఇంకొంచెం చోటు పెంచాను. నాకు చదవడం రాని అక్షరాలు నా మబ్బు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి, చూడముచ్చటగా.

సోమవారం పొద్దున్న నాన్న కొత్త పనికి తయారయ్యాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్రపెన్ను, ఎండకి గొడుగు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్క నిమిషం. పంపేముందు చూడు."

"టైమవుతోంది."

"అందుకే ఒక్క నిమిషం."

గొడుగు చంకలోనే పెట్టుకుని, కూర్చోకుండా, వంగి చూశాడు. ఉత్తరాలు తెరిచాడు, మూశాడు. బిల్లుల మీద బాణం పెట్టి ఆపాడు. నాలుగో ఐకాన్ చూశాడు. గడియారం చూసి తన చేతి గడియారం చూసుకున్నాడు. వంటింట్లో అమ్మ నీళ్ళ కుళాయి కట్టేసింది, వినబడాలని.

"చెత్తబుట్ట ఇంకా పూలకుండీలాగే ఉంది."

"మారుస్తా."

"వచ్చే వెర్షన్‌లో మార్చు."

గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కున్నాడు. గొడుగు తెరిచాడు, ఒక ఊచ సరిగ్గా నిలబడకపోతే దాన్ని ఒకసారి కోపంగా చూసి సరిచేశాడు. నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉన్నాను. మెట్లు దిగుతూ, వెనక్కి చూడకుండా అన్నాడు.

"సరే, పంపు."

పంపాను.